ద్వారం దగ్గర నిలబడినవాడు

“చచ్చిపోయినవాళ్ల గురించి చెప్పండి మేడమ్, పిల్లలకు జాలి గుణం అలవడుతుంది. చంపినవాళ్ల గురించి ఎందుకండీ?” అని ఒక తల్లి ఫోన్లో అడిగింది. దెబ్బలాటకు చేసిన ఫోన్ కాదు, భయపడి చేసింది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి. నా దగ్గర పాఠం విని ఇంటికెళ్లి, రాత్రి అన్నం తింటూ “అమ్మా, ఆ సైనికులకు కూడా మా వయసు పిల్లలుండేవాళ్లట” అందట. ఆ మాటతో తల్లికి ముద్ద దిగలేదు.

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. కలకత్తా బళ్లలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాల్ట్ లేక్‌లో మా ఫ్లాట్‌లోనే ఆదివారాలు తెలుగు పిల్లలకు పాఠం చెబుతున్నాను. వాళ్ల తల్లిదండ్రులు సెక్టర్ ఫైవ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, కోల్ ఇండియాలో పనిచేసేవాళ్లు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. చదవడం నేర్పడానికి భారతం పట్టుకున్నాను. ఆది పర్వంతో మొదలుపెట్టి కథగా చెప్పుకుంటూ వస్తే యుద్ధం అయిపోయేసరికి సౌప్తిక పర్వం దగ్గరికి చేరాం. పిల్లలకు చెప్పేటప్పుడు పెద్దవాళ్లు చాలామంది దుర్యోధనుడి తొడలు విరగ్గానే ధర్మరాజు పట్టాభిషేకానికి వెళ్లిపోతారు. మధ్యలో ఒక రాత్రి ఉంది. తిక్కన దాన్ని వదలలేదు, నేనూ వదలదలచుకోలేదు.

ఆ రాత్రి కౌరవసేనలో మిగిలింది ముగ్గురు: అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. మర్రిచెట్టు కింద పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర పట్టింది, అశ్వత్థామకు పట్టలేదు. చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూశాడు. మేనమామ కృపుణ్ణి లేపి, పాండవుల శిబిరం మీద ఇప్పుడే పడదామన్నాడు. కృపుడు వద్దన్నాడు. నిద్రపోయేవాళ్లను చంపడం అధర్మం, తెల్లవారనీ, ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదాం అన్నాడు. అశ్వత్థామ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ధర్మం ముందు తప్పింది వాళ్లే, మా నాన్నను అబద్ధమాడి చంపారు, భీష్ముణ్ణి, కర్ణుణ్ణి, దుర్యోధనుణ్ణి ఎలా పడగొట్టారో చూశావుగా అన్నాడు. రథమెక్కి బయల్దేరాడు. అంత చక్కగా కాదన్న కృపుడు ఏం చేశాడు? వెనకాలే వెళ్లాడు. అశ్వత్థామ లోపల ధృష్టద్యుమ్నుణ్ణి, ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపుతుంటే కృపుడు, కృతవర్మ శిబిరం ద్వారం దగ్గర నిలబడ్డారు. ప్రాణభయంతో బయటికి పరుగెత్తినవాళ్లను నరికారు. శిబిరానికి నిప్పు పెట్టారు.

ఇది చెప్పాక పిల్లలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి అడిగింది, “మిస్, నిజంగా ఎక్కడన్నా ఇలా జరిగిందా?” అని.

కిటికీలోంచి బయటికి చూడమన్నాను. ఇప్పుడు బ్లాకులు, పార్కులు, మాల్స్ ఉన్న ఈ సాల్ట్ లేక్ 1971లో చాలా మటుకు హుగ్లీ ఇసుకతో పూడ్చిన బయలు నేల. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ శిబిరం వేశారు. రెండు లక్షల మందికి పైగా తలదాచుకున్నారు. డేరా దొరకనివాళ్లు భూమిలో వెయ్యడానికి తెచ్చిపెట్టిన పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురం పెట్టారు. ఆ వానాకాలం కలరా వచ్చింది. ఆగస్టులో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ వచ్చి శిబిరాలు చూసి వెళ్లాడు. మొత్తం మీద ఇండియాకు వచ్చింది సుమారు కోటి మంది. నేనప్పుడు చిన్నదాన్ని. ఖరగ్‌పూర్ మీదుగా కొందర్ని రాయపూర్ దగ్గరి మానా శిబిరానికి రైళ్లలో పంపేవాళ్లు. ప్లాట్‌ఫాం మీద మా అమ్మ వాళ్లకు అటుకులు పంచడం నాకు గుర్తు.

వాళ్లు దేన్ని చూసి పారిపోయి వచ్చారో చెప్పకుండా ఆ గొట్టాల గురించి చెప్పి ఏం లాభం? వరదొచ్చినా జనం అలాగే వస్తారు. వీళ్ల మీదికి వచ్చింది వరద కాదు, మనుషులు. ఆ మనుషులెవరో చెప్పాలి కదా. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఎన్నో ఏళ్లుగా హిట్లర్ పాఠం ఉంది. పిల్లలు దాన్ని మార్కుల కోసం చక్కగా రాస్తారు. జర్మనీ దూరం. తాము పడుకునే నేల కింది చరిత్ర మాత్రం వాళ్లకు తెలియదు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద పడింది. ఆ చర్యకు పెట్టిన పేరు ఆపరేషన్ సెర్చ్‌లైట్. దాని పథకం అంతకు వారం ముందే తయారైంది. అప్పట్లో అక్కడి సైన్యానికి ప్రచార అధికారిగా ఉన్న సిద్దిఖ్ సాలిక్ తర్వాత పుస్తకం రాస్తూ, మేజర్ జనరల్ రావ్ ఫర్మాన్ అలీ ఆ పథకాన్ని లేత నీలం ఆఫీసు ప్యాడ్ మీద, బడిపిల్లలు వాడే మామూలు పెన్సిల్‌తో రాశాడని నమోదు చేశాడు. పిల్లల ముందు బల్ల మీద అలాంటి పెన్సిలే ఒకటి పెట్టాను. ఫొటోలు చూపించలేదు. శవాల ఫొటోలు ఆ వయసు పిల్లలకు నేనెప్పుడూ చూపించను. అవి చూస్తే భయం పుడుతుంది, ఆలోచన ఆగిపోతుంది. పెన్సిల్‌తో ఆ ఇబ్బంది లేదు. “అయితే ఆ పెన్సిల్ పట్టుకున్నాయన ఎవర్నీ చంపలేదా మిస్?” అని ఒకడు అడిగాడు. అప్పుడు గోడకు ఒక చార్టు అంటించి, ఆ రాత్రి పని జరగడానికి ఎవరెవరు కావాలో మీరే రాయండన్నాను. పథకం రాసినవాడు. టైపు కొట్టినవాడు. ట్యాంకు నడిపినవాడు. దారి చూపించినవాడు. ఫలానావాళ్లది ఫలానా ఇల్లు అని పేర్లు చెప్పినవాడు. గొయ్యి తవ్వించినవాడు. కాల్చినవాడు. పొద్దున్నే టీ కాచి ఇచ్చినవాడు. తెలిసి ఊరుకున్నవాడు. చార్టు నిండిపోయింది. చివర్లో ఒక పిల్ల లేచి, ఎవరూ చెప్పకుండానే, ఒక మూల ‘కృపుడు’ అని రాసింది.

నేను ఆ తల్లికి చెప్పాలనుకున్న జవాబు ఆ మూలలో ఉంది. బాధితుల గురించే చెబితే పిల్లలు ఎప్పుడూ తమను ఆ పక్కనే ఊహించుకుంటారు. ఊహలో ఎవరికైనా అది సుఖమైన చోటే. చంపినవాణ్ణి రాక్షసుడని చెబితే పేచీయే లేదు. మనం రాక్షసులం కాము కాబట్టి ఆ కథ మనది కాదు. కాని పాత భారతం అశ్వత్థామను రాక్షసుడిగా పుట్టించలేదు. గురువుగారి కొడుకు. చిన్నప్పుడు పాల కోసం ఏడిస్తే తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చి పాలని చెబితే తాగి గంతులేసినవాడు. ఆది పర్వంలో ఆ కథ విన్నప్పుడు మా పిల్లలంతా వాడి పక్షమే. ఇప్పుడు వాడే నిద్రపోతున్న పిల్లల్ని చంపాడు. పాలకు ఏడ్చినవాడూ, ఈ హంతకుడూ ఒక్కడే అన్న సంగతి వాళ్లకు మింగుడుపడలేదు. మింగుడుపడకూడదు కూడా. “పాపం చిన్నప్పుడు కష్టపడ్డాడు కదా” అని ఒకడు మొదలుపెడితే, పక్కనున్న పిల్ల వెంటనే “ధర్మరాజు కష్టపడలేదా?” అంది. నేను కలగజేసుకోలేదు. ఒక మనిషి ఎందుకలా అయ్యాడో తెలుసుకోవడం వేరు, వాడి తప్పు తగ్గించడం వేరు. పదమూడేళ్లకు ఈ తేడా అందుతుంది. అందకపోతే పెద్దయ్యాక అందడం కష్టం.

ఆ రాత్రి ఢాకా విశ్వవిద్యాలయంలో హిందూ విద్యార్థులుండే జగన్నాథ్ హాల్ మీద దాడి జరిగింది. తెల్లవారుజామున తత్వశాస్త్ర ఆచార్యుడు గోవింద చంద్ర దేవ్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయన కలకత్తాలో చదువుకున్నవాడు. ఇక్కడి రిపన్ కాలేజీలో, అంటే ఇప్పటి సురేంద్రనాథ్ కాలేజీలో, పాఠాలు చెప్పినవాడు. పెళ్లి చేసుకోలేదు. రొకేయా సుల్తానా అనే ముస్లిం అమ్మాయిని కూతురిగా పెంచుకున్నాడు. ఆయనతో పాటు ఆ అమ్మాయి భర్తనూ చంపారు. సీల్దా స్టేషన్ దగ్గరి ఆ కాలేజీ ముందు నుంచి పిల్లలు ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు.

డిసెంబరులో పాకిస్తాన్ సైన్యానికి ఓటమి ఖాయమని తెలిశాక ఇంకో పని జరిగింది. కళ్లకు గంతలు కట్టి ఆచార్యుల్ని, డాక్టర్లని, పత్రికలవాళ్లని ఇళ్ల నుంచి తీసుకెళ్లి చంపారు. ఆ పని చేసిన, సైన్యానికి తోడుగా ఉన్న అల్ బదర్ దళాలు ముఖ్యంగా ఒక విద్యార్థి సంఘం నుంచి వచ్చినవి. కాలేజీ కుర్రాళ్లు. మా పిల్లలకంటే ఐదారేళ్లు పెద్ద. తీసుకెళ్లినవాళ్లలో తమ శిష్యుల్ని గురువులు గుర్తుపట్టారని ఏళ్ల తర్వాత ఢాకా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ముందు సాక్షులు చెప్పారు. ఇది చెప్పినప్పుడు పిల్లలు నా ముఖం వైపు చూశారు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. వరంగల్ నుంచి వచ్చిన ఒక తండ్రి కొడుకుతో “రజాకార్లంటే మనకు తెలియదా, వాళ్ల జాతే అంత” అన్నాడట. తూర్పు పాకిస్తాన్‌లోనూ సైన్యం పెట్టించిన సాయుధ దళాల పేరు రజాకార్లే. ఆ తండ్రి మనసులో ఉన్నది నిజాం రాజ్యంలో వాళ్ల తాత ముత్తాతలు చూసిన 1948 నాటి రజాకార్ల దాడులు. నాకు ఆ బాధ అర్థమవుతుంది. కాని ఆ మాట ఒప్పుకోను. హైదరాబాద్‌లో రజాకార్లకు వ్యతిరేకంగా, ఇండియాలో కలవాలని ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో చంపబడినవాడు షోయబుల్లా ఖాన్. తెలుగు పిల్లలు రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ పేరుతో పాటు ఈ పేరూ నేర్చుకోవాలి. 1971లో చనిపోయినవాళ్లలో బెంగాలీ ముస్లింలు ఎంతోమంది ఉన్నారు. హిందువుల్ని మతం చూసి మరీ వెతికి చంపారు. ఈ రెండూ నిజాలే, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. ఈ కలకత్తాలోనే 1946 ఆగస్టులో నాలుగు రోజులు రెండు మతాలవాళ్లూ ఒకర్నొకరు వీధుల్లో చంపుకున్నారు. వేలమంది పోయారు. చంపినవాళ్లు పొరుగు సందులవాళ్లే.

“వాళ్లు ముందు మొదలుపెట్టారు” అన్న అశ్వత్థామ మాట కూడా ఊరికే పుట్టిన మాట కాదు. 1971 మార్చిలో తూర్పు పాకిస్తాన్‌లో ఉర్దూ మాట్లాడే బీహారీల్ని బెంగాలీ గుంపులు చంపిన సంగతి నిజం. పాకిస్తాన్ ప్రభుత్వం ఆగస్టులో శ్వేతపత్రం వేసి ఆ హత్యల్నే తన చర్యకు సాకుగా చూపింది. బంగ్లాదేశ్‌కు విజయం వచ్చిన రెండు రోజులకు, డిసెంబరు 18న, ఢాకా పల్టన్ మైదానంలో విముక్తి యోధులు బందీల్ని విదేశీ కెమెరాల ఎదుట బాయ్‌నెట్లతో పొడిచి చంపారు. ఆ ఫొటోలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. మా ఇరుగుపొరుగు బెంగాలీ మిత్రులకు నేనిది పిల్లలకు చెప్పడం నచ్చదు. చెబుతాను. ఆ చావులు సైన్యం చేసిన పనిని ఒక్క వీసమైనా తేలిక చెయ్యవు. ఒక పక్కవాళ్లు ఎన్నడూ చెయ్యరని నేర్పితే మాత్రం నేను నేర్పింది అబద్ధం అవుతుంది.

మృతుల లెక్కలూ అలాగే చెబుతాను. బంగ్లాదేశ్ 30 లక్షలంటుంది. పాకిస్తాన్ వేసుకున్న హమూదుర్ రహమాన్ కమిషన్ 26 వేలంది. పరిశోధకుల అంచనాలు ఈ రెంటి మధ్య ఎక్కడెక్కడో ఉన్నాయి. ఎవరు, ఎప్పుడు, ఏ అవసరంతో చెప్పారో పక్కన రాసుకోమంటాను. అంకె తెగలేదని చావు అబద్ధమైపోదు.

అన్నిటికంటే ఎక్కువసేపు నేను ఆగేది ‘కాదు’ అన్నవాళ్ల దగ్గర. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యానికి అధిపతిగా ఉన్న సాహబ్‌జాదా యాకూబ్ ఖాన్, జనం మీదికి సైన్యాన్ని పంపడం కుదరదని 1971 మార్చి మొదట్లో రాజీనామా ఇచ్చాడు. ఆయన స్థానంలో వచ్చినవాడు టిక్కా ఖాన్. కరాచీ పాత్రికేయుడు ఆంథొనీ మాస్కరెన్హాస్‌ను సైన్యమే ఏప్రిల్‌లో వెంట తిప్పి, అంతా సవ్యంగా ఉందని రాయమంది. కుమిల్లా వైపు తిరుగుతుండగా సైన్యాన్ని చూసి పరుగెత్తినందుకు అబ్దుల్ బారి అనే దర్జీని పట్టుకున్నారు. ఇరవై నాలుగేళ్లవాడు. హిందువై ఉంటాడని కాల్చబోతుంటే మాస్కరెన్హాస్ అడ్డుపడ్డాడు. ఒంటి మీది గుర్తు చూసి ముస్లిమేనని తేల్చుకుని వదిలేశారు. రాత్రి మెస్‌లో ఆ అధికారులే, మర్యాదస్తులే, భోజనం దగ్గర ఆ రోజు ఎవరెంతమందిని చంపారో చెప్పుకుంటుంటే ఆయన విన్నాడు. లండన్ వెళ్లి, భార్యాపిల్లల్ని కరాచీ నుంచి దాటించాక, జూన్ 13న సండే టైమ్స్‌లో అంతా రాశాడు. అదే సైన్యం, అదే జీపు, అదే మెస్. ఒకడు లెక్క చెబుతున్నాడు, ఒకడు విని నిద్ర పట్టక తిరుగుతున్నాడు.

మరి కృపుడి లాంటివాడు? ఢాకా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బి.ఎ. సిద్దిఖీ. మార్చిలో టిక్కా ఖాన్‌తో గవర్నరుగా ప్రమాణం చేయించనన్నాడు. జనం మెచ్చుకున్నారు. హత్యాకాండ మొదలయ్యాక ఏప్రిల్‌లో ఆయనే చేయించాడు. ఆయన కత్తి పట్టలేదు కాబట్టి కృపుడంతటి దోషి కాడు. తుపాకుల మధ్య ఆయన ఎంత భయపడి ఉంటాడో మనం చెప్పలేం. అయినా పిల్లల్ని అడుగుతాను: మార్చిలో కాదన్న మనిషికీ ఏప్రిల్‌లో సరేనన్న మనిషికీ మధ్య ఏం జరిగింది? ఈ ప్రశ్న మీద మా ఇంట్లో జరిగినంత చర్చ దేని మీదా జరగలేదు. ఎందుకంటే ఇది వాళ్లకు బాగా తెలిసిన సంగతి. క్లాసులో ఒకణ్ణి అందరూ కలిసి ఏడిపిస్తుంటే మొదటి రోజు వద్దని, మూడో రోజు నవ్వినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లే చెప్పారు.

క్షమ గురించి తప్పకుండా అడుగుతారు. పోతన భాగవతంలో, అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు పడేస్తే, ద్రౌపది విడిచిపెట్టమంటుంది. నా లాగే వీడి తల్లి కూడా ఏడవకూడదంటుంది. భీముడు చంపాలంటాడు. చివరికి తల గొరిగి, నెత్తి మీది మణి తీసుకుని వెళ్లగొడతారు. భారతంలో కృష్ణుడు మూడు వేల ఏళ్లు ఒంటరిగా, నెత్తురు కంపుతో తిరగమని శపిస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లు “పాపం ఊరికే పోదు” అంటారు కదా, అదే ఇది. మరి చరిత్రలో? 1971 డిసెంబరు 16న ఢాకాలో, అప్పటికి అక్కడి సైన్యానికి అధిపతిగా ఉన్న జనరల్ నియాజీ లొంగిపోయాడు. ఆయన్నీ, ఆ పెన్సిల్ పట్టిన ఫర్మాన్ అలీనీ విమానంలో కలకత్తా తెచ్చి ఇక్కడి ఫోర్ట్ విలియంలోనే ఉంచారు. మొత్తం 93 వేల మంది బందీలు. అందులో 195 మందిని యుద్ధ నేరాలకు విచారిస్తామని బంగ్లాదేశ్ ప్రకటించింది. 1974 ఏప్రిల్ 9న ఢిల్లీలో మూడు దేశాల విదేశాంగ మంత్రులు సంతకాలు పెట్టారు, ఆ 195 మందినీ వదిలేశారు. పాకిస్తాన్ గుర్తింపు కావాలి, అక్కడ చిక్కుకున్న బెంగాలీలు రావాలి. కారణాలున్నాయి. “అయితే ద్రౌపదిని ఎవరు అడిగారు మిస్?” అని ఒక పిల్ల అంది. పిల్లలు చనిపోయింది ద్రౌపదికి, క్షమించింది ద్రౌపది. 1974లో క్షమించినవాళ్లు వేరు, పోగొట్టుకున్నవాళ్లు వేరు. ఇంతకంటే నేను ఆ పిల్లకు నేర్పగలిగింది ఏమీ లేదు.

ఇంకొకటి నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. పాండవులు మహాప్రస్థానానికి వెళ్లేముందు ధర్మరాజు పరీక్షిత్తును కృపుడి చేతిలో పెట్టి గురువుగా ఉండమంటాడు. తల్లి కడుపులో ఉండగానే అశ్వత్థామ అస్త్రానికి గురైన పరీక్షిత్తును, ఆ రాత్రి ద్వారం కాసినవాడి చేతిలో! ఈ ఏర్పాటు నాకు నచ్చదు. తప్పని చెప్పి, వెళ్లి, నరికి వచ్చిన కృపుడు తర్వాత ఎవరి ముందైనా అది తన తప్పని ఒప్పుకున్నట్టు నేను చదవలేదు. కనీసం ఆ శిష్యుడికైనా చెప్పి ఉండాల్సింది. నేరం చేసినవాళ్లు చెప్పరు కాబట్టే గురువులు చెప్పాలి.

టిక్కా ఖాన్ 1972లో పాకిస్తాన్ సైన్యాధిపతి అయ్యాడు, తర్వాత పంజాబ్ గవర్నరయ్యాడు. నియాజీ 2004లో లాహోర్‌లో పోయాడు. 195 మందిలో ఒక్కరి మీద కూడా విచారణ జరగలేదు.

ఆ తల్లికీ, ఇది చదివే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒకటే. మీ పిల్లలకు పదమూడేళ్లు వచ్చాయంటే వాళ్లు సౌప్తిక పర్వానికి చిన్నవాళ్లేం కాదు. దాటెయ్యకుండా చెప్పండి. చెప్పేటప్పుడు అశ్వత్థామ పేరుతో ఆపకండి, ద్వారం కాసిన ఇద్దరి పేర్లూ చెప్పండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, కలిసి వెతకండి.